ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం

మా ఇళ్ళల్లో ఆడపిల్లలు చిన్నప్పటినించీ వినే మాట ఒకటుంది: ‘ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యి.’ గ్లాసు జారినా, పాలు పొంగినా, గడప తట్టుకుని పడినా ఇదే మాట. ఒళ్ళు ఎప్పుడూ మన చెప్పుచేతల్లోనే ఉంటుందనీ, అది మాట వినకపోతే తప్పు మన శ్రద్ధదేననీ ఈ మాటకి అర్థం. మా పిన్ని ఈ మాట ఆరేళ్ళు పడింది. ముప్ఫై దాటాక ఆవిడ చేతుల్లోంచి గిన్నెలు జారిపోవడం మొదలైంది. ఒకసారి ఎడమ కన్ను మసకబారి, మూడు వారాల తర్వాత దానంతటదే బాగయింది. దాంతో ఇంట్లో వాళ్ళకి అది నాటకమని రూఢి అయిపోయింది. ఒక డాక్టరు నరాల బలహీనత అన్నాడు. ఇంకో ఆయన మా బాబాయిని పక్కకి పిలిచి, ‘ఆవిడ మనసులో ఏదో దిగులుంది, కాస్త కనుక్కోండి’ అన్నాడు. చివరికి ఎం.ఆర్.ఐ. తీశాక మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఆ రోజు పిన్ని ఏడవలేదు. ‘నేను అబద్ధం చెప్పలేదని తెలిసిందిగా’ అంది, అంతే.

ఈ వ్యాసం మా పిన్ని గురించి కాదు. కెనడాలో పుట్టి, ఆస్ట్రేలియా తరఫున మూడు పారాలింపిక్స్‌లో సైకిలు తొక్కిన కారొల్ కుక్ గురించి. కానీ పిన్ని అన్న ఆ ఒక్క మాట లేకపోతే కారొల్ కుక్ జీవితాన్ని నేను కూడా వార్తాపత్రికలు చదివినట్టే చదివి ఉండేదాన్ని. ‘రోగాన్ని జయించిన ధీరవనిత’ అనుకుని పేజీ తిప్పేసేదాన్ని. ఎం.ఎస్.ని ఎవరూ జయించలేదు. ఇప్పటిదాకా దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. మరి ఆమె గెలిచినది ఏమిటి? ఎవరి మీద? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళితే నేను పారిస్‌లో, పందొమ్మిదో శతాబ్దంలో తేలాను.

*

ముందు ఈ జబ్బు గురించి రెండు మాటలు. మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే నరాల పోగుల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. కరెంటు తీగ మీది తొడుగు లాంటిది. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఆ పొర మీద దాడి చేస్తుంది. ఎక్కడెక్కడ పొర దెబ్బతింటుందో దాన్నిబట్టి చూపు, నడక, మాట, స్పర్శ, మూత్రం మీద అదుపు ఏదైనా పోవచ్చు. చాలామందిలో మొదట్లో ఇది వస్తూ పోతూ ఉంటుంది. ఈ నెల మంచం మీద ఉన్న మనిషి వచ్చే నెల బజారుకి వెళ్ళొచ్చు. బయటికి కనపడని అలసట దీని పెద్ద లక్షణం. 2023 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 29 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. వాళ్ళలో మూడింట రెండు వంతులకు పైగా స్త్రీలు.

ఈ జబ్బుని 1868లో స్పష్టంగా వర్ణించి పేరు పెట్టినవాడు ఫ్రెంచి వైద్యుడు జాఁ మార్తఁ షార్కో. ఆయన పనిచేసిన సాల్పెట్రియేర్ ఆసుపత్రి, పేరుకి ఆసుపత్రే గానీ, పదిహేడో శతాబ్దం నించీ బీద స్త్రీలనీ, ముసలివాళ్ళనీ, పిచ్చివాళ్ళని ముద్రపడ్డ స్త్రీలనీ, వేశ్యలనీ తెచ్చి పడేసిన చోటు. వేలమంది దిక్కులేని స్త్రీలు ఒకేచోట, ఏళ్ళ తరబడి కళ్ళముందు ఉండటం వైద్యశాస్త్రానికి ఎంత పెద్ద వనరో షార్కో గుర్తించాడు. బతికినన్నాళ్ళూ వాళ్ళ లక్షణాలు రాసుకోవడం, చనిపోయాక శరీరాన్ని కోసి మెదడుని చూడటం ఆయన పద్ధతి. ఎం.ఎస్. గురించి మనకి ఈనాడు తెలిసినదానికి పునాది ఆ స్త్రీల శరీరాలు.

అదే ఆసుపత్రిలో, అదే షార్కో, హిస్టీరియాని కూడా అధ్యయనం చేశాడు. బ్రూయే 1887లో గీసిన ప్రసిద్ధమైన చిత్రంలో సొమ్మసిల్లి వెనక్కి వాలిపోతున్న బ్లాంష్ విట్‌మన్, ఆమెని చూపిస్తూ పాఠం చెబుతున్న షార్కో, ఎదురుగా నోట్సు రాసుకుంటున్న మగవాళ్ళు కనిపిస్తారు. ఇక్కడ ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, నరాల జబ్బుగా ఒక రుజువు దొరికిన ఎం.ఎస్., రుజువు దొరకని హిస్టీరియా ఒకే కప్పు కింద అక్కచెల్లెళ్ళలా పెరిగాయి. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఎం.ఎస్. ఉన్న స్త్రీలు ఎంతోమంది హిస్టీరియా గదిలోనే ఉండిపోయారు. ఇంగ్లండు చెల్లో విద్వాంసురాలు జాక్వెలిన్ డు ప్రే వేళ్ళలో స్పర్శ పోతోందని చెప్పినప్పుడు దాన్ని మానసిక ఒత్తిడి కింద జమకట్టారు. 1973లో, ఆమెకి 28 ఏళ్ళప్పుడు, అసలు సంగతి బయటపడింది. పారిస్ నించి మా పిన్ని డాక్టరు దాకా ఈ దారి తెగకుండా వచ్చింది.

నా పరిశోధన కోసం హిస్టీరియా కథనాలు చదువుతున్న రోజుల్లో, షార్కో చనిపోయినప్పుడు 1893లో ఫ్రాయిడ్ రాసిన స్మృతివ్యాసం చూశాను. అందులో షార్కో ఇంటి పనిమనిషి ప్రస్తావన వస్తుంది. ఆమెకి చేతులు వణికేవి. ఏ పనిలో కుదురుకోవాలన్నా కుదిరేది కాదు. ఆమె జబ్బు విచిత్రంగా ఉందని షార్కో ఆమెని తన ఇంట్లో పెట్టుకున్నాడట. ఏళ్ళ తరబడి ఆమె పగలగొట్టిన పళ్ళేలకీ పింగాణీకీ ఆయనకి బోలెడు డబ్బు ఖర్చయిందట. చివరికి ఆమె చనిపోయాక, ఆమె శరీరాన్ని పరీక్షించి, ఆ వణుకు ఎం.ఎస్. లక్షణమేనని నిరూపించగలిగాడట. ఇదంతా ఫ్రాయిడ్ తన గురువుగారి ఓర్పుకి నిదర్శనంగా చెబుతాడు.

ఈ పేరా నేను చాలాసార్లు చదివాను. పగిలిన పింగాణీ ఖరీదు చరిత్రలోకి ఎక్కింది. ఆమె పేరు ఎక్కలేదు. వణికే చేతులతో రోజూ పళ్ళేలు మోయాల్సి రావడం ఆమెకి ఎలా ఉండేదో ఎవరూ అడిగినట్టు లేదు. పళ్ళేలు మోయని పని ఏదైనా ఇవ్వొచ్చు కదా అన్న ఆలోచన కూడా ఆ వ్యాసంలో లేదు. ఆమె శరీరం సాక్ష్యం చెప్పింది గానీ, ఆ సాక్ష్యం చెప్పడానికి ఆమె ముందు చనిపోవలసి వచ్చింది.

*

కారొల్ కుక్ 1961లో టొరంటోలో పుట్టింది. చిన్నప్పటినించీ ఈతగత్తె. 1980 మాస్కో ఒలింపిక్స్‌కి వెళ్ళాలని సాధన చేసిన తరం ఆమెది. అఫ్ఘానిస్తాన్ మీద సోవియట్ దాడికి నిరసనగా కెనడా ఆ ఒలింపిక్స్‌ని బహిష్కరించింది. ఆమె పోలీసు ఉద్యోగంలో చేరింది. టొరంటో పోలీసుశాఖలో పద్నాలుగేళ్ళు పనిచేసింది. మాదకద్రవ్యాల ముఠాల మధ్య మారువేషంలో తిరిగే పని కూడా చేసింది. 1994లో ఆస్ట్రేలియా వచ్చి స్థిరపడింది. 1998లో, 37వ ఏడు రాబోతుండగానో వచ్చాకనో, ఎం.ఎస్. అని తేలింది. ఆమె ఆ తర్వాత చాలాచోట్ల చెప్పిన ప్రకారం, జబ్బు పేరు చెప్పిన వైద్యుడు ఇల్లూ వాకిలీ చక్కబెట్టుకోమన్నాడు. మున్ముందు ఉండేది నర్సింగ్ హోములోనే అన్నాడు.

ఆ వైద్యుణ్ణి దుర్మార్గుడని అనుకోనక్కర్లేదు. అతను మాట్లాడింది వందేళ్ళ పాఠం. 1890లో ఉట్‌హోఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు, ఎం.ఎస్. రోగులు శ్రమపడితే కొంతసేపు చూపు మందగిస్తోందని గమనించాడు. అసలు కారణం శ్రమ కాదనీ, శరీరంలో వేడి పెరగటమనీ తర్వాత తెలిసింది. మైలిన్ పొర చెడిన నరం కొద్ది వేడికే సంకేతాల్ని సరిగా పంపలేదు. ఒళ్ళు చల్లబడితే మళ్ళీ మామూలవుతుంది. ఎం.ఆర్.ఐ. రాకముందు, రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు బయటికొస్తాయేమో చూసేవారు. రోగి కాళ్ళు చచ్చుబడితే పరీక్ష సఫలమైనట్టు! ఈ పరిశీలనల నించి పుట్టిన సలహా ఒకటే: కదలొద్దు, శక్తిని దాచుకో. కొద్దిసేపు ఉండి పోయే మార్పుని శాశ్వతమైన నష్టమని భయపడి తరతరాల రోగుల్ని, అంటే ఎక్కువగా స్త్రీలని, మంచానికి పరిమితం చేశారు. 1996లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు 54 మంది ఎం.ఎస్. రోగుల్లో కొందరిచేత పదిహేను వారాలపాటు వ్యాయామం చేయించి, వాళ్ళ దేహదారుఢ్యమూ జీవితమూ మెరుగుపడ్డాయని చూపించారు. ఆ అధ్యయనం అచ్చయిన రెండేళ్ళకే కారొల్ కుక్ ఆ వైద్యుడి ముందు కూర్చుంది. పాత పాఠం ఇంకా నడుస్తూనే ఉంది.

ఆమె మొదట చేసిన పని పతకానికి సంబంధించింది కాదు. తనకి తెలిసిన నీళ్ళలోకి దిగింది. నీళ్ళు ఒంట్లో వేడిని లాగేస్తాయి కాబట్టి ఎం.ఎస్. ఉన్నవాళ్ళకి ఈత అనువైనది కూడా. 2001లో ఇరవైనాలుగు గంటల సామూహిక ఈత కార్యక్రమం ఒకటి మొదలుపెట్టింది. జట్లు జట్లుగా వంతులవారీగా ఒక రోజంతా ఈదుతారు, విరాళాలు పోగుచేస్తారు. ఆ డబ్బుతో ఎం.ఎస్. ఉన్నవాళ్ళకి వాళ్ళు కోరుకున్న పని కోసం, చదువుకో కళకో ఆటకో, స్కాలర్‌షిప్పులు ఇస్తారు. ఏళ్ళు గడిచేసరికి అది ఆస్ట్రేలియాలో చాలా ఊళ్ళకి పాకి మిలియన్ల డాలర్లు సమకూర్చింది. నాకు ఇందులో నచ్చింది డబ్బు లెక్క కాదు. జబ్బుమనిషికి మందు కావాలి, జాలి కావాలి అని అందరూ అనుకుంటున్నప్పుడు, ఆ మనిషికి కోరిక కూడా ఉంటుందని ఈమె గుర్తించింది. షార్కో ఇంట్లో ఎవరూ ఆ పనిమనిషిని అడగని ప్రశ్న అది: ‘నీకేం చెయ్యాలనుంది?’

తర్వాత కొన్నాళ్ళు పడవ పందేల్లో పాల్గొంది. 2011లో సైకిలుకి మారింది. అప్పటికి ఆమెకి యాభై ఏళ్ళు.

*

మన ఊళ్ళల్లో ‘వికలాంగుల మూడు చక్రాల బండి’ అనగానే మనకి కనిపించేది వేరు: చేత్తో తిప్పే బండి, పంపిణీ సభ, ఎమ్మెల్యేగారి ఫొటో. కారొల్ కుక్ తొక్కింది పందెం సైకిలు. ముందు ఒక చక్రం, వెనక రెండు. కాళ్ళతోనే తొక్కాలి. నరాల జబ్బువల్ల రెండు చక్రాల మీద తూకం నిలవనివాళ్ళు దీన్ని వాడతారు. పోటీల్లో వీళ్ళని టి1, టి2 అని రెండు తరగతులు చేశారు. లోపం ఎక్కువ ఉన్నవాళ్ళు టి1, తక్కువ ఉన్నవాళ్ళు టి2. కారొల్ కుక్‌ది టి2.

ఈ వర్గీకరణ గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. పోటీకి ముందు వైద్యులూ నిపుణులూ ఆ మనిషి కండరాల బలం, బిగుతు, తూకం, కదలికల పొందిక పరీక్షిస్తారు. ఇది లేకపోతే పోటీ న్యాయంగా ఉండదు, నిజమే. కానీ ఎం.ఎస్. ఉన్న మనిషికి ఇందులో ఒక చిక్కుంది. ఆమె శరీరం నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు. మంచి రోజున పరీక్ష చేస్తే ‘నీకేం బాగానే ఉందే’ అంటారు. చెడ్డ రోజున చేస్తే, పోటీలో బాగా తొక్కినందుకు అనుమానిస్తారు. పందెంలో బలం రుజువు చేసుకోవాలి, పరీక్షలో బలహీనత రుజువు చేసుకోవాలి. రెండుచోట్లా ఆమె మాట ఒక్కటే చాలదు. బ్రిటన్ క్రీడాకారిణి కదీనా కాక్స్ కూడా ఈ చూపునే ఎదుర్కొంది. 2014లో మేలో పక్షవాతం, సెప్టెంబరులో ఎం.ఎస్. నిర్ధారణ. 2016 రియోలో పరుగులోనూ సైకిలులోనూ బంగారు పతకాలు. యువతి, నల్లజాతి స్త్రీ, చూడ్డానికి ‘రోగిలా’ కనిపించదు. కనిపించని జబ్బుని జనం నమ్మకపోవడం గురించి ఆమె బహిరంగంగానే మాట్లాడింది. 2024 పారిస్‌లో తన టైమ్ ట్రయల్ మొదలైన కాసేపటికే మలుపులో జారిపడింది. అదే పారిస్‌లో జట్టు పోటీలో బంగారం గెలిచింది. ఒకే శరీరం, కొద్ది రోజుల తేడా.

ఇక 2012 లండన్. రోడ్డు పోటీలు బ్రాండ్స్ హ్యాచ్ అనే మోటారు పందేల మైదానంలో జరిగాయి. మూడు చక్రాల సైకిలు తరగతిలో ఆడవాళ్ళకి విడిగా పోటీ లేదు. ఆడా మగా, టి1, టి2 అందరూ కలిసి ఒకటే పోటీ. ఇలాంటిచోట ఎప్పుడూ చెప్పే కారణం ‘తగినంతమంది ఆడవాళ్ళు లేరు’ అని. పోటీ లేదు కాబట్టి ఆడవాళ్ళు రారు, ఆడవాళ్ళు రారు కాబట్టి పోటీ పెట్టరు. ఆడపిల్లల బడుల గురించీ, మరుగుదొడ్ల గురించీ మనం విన్న వాదనే ఇది.

టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరూ విడివిడిగా బయలుదేరి గడియారంతో పోటీపడతారు. అందులో ఒక సర్దుబాటు ఉంది: తరగతినిబట్టి, స్త్రీ పురుష భేదాన్నిబట్టి ప్రతివారి సమయాన్నీ ఒక గుణకంతో హెచ్చించి, వచ్చిన సంఖ్యల్ని పోలుస్తారు. ఆ పోటీలో 51 ఏళ్ళ కారొల్ కుక్ బంగారు పతకం గెలిచింది. రోడ్ రేస్ అలా కాదు. అందరూ ఒకేసారి బయలుదేరతారు, ముందు గీత దాటినవాళ్ళే విజేతలు. ఇందులో ముందువాడి చక్రం వెనక నక్కి తొక్కితే గాలి తగలదు, బోలెడు శక్తి మిగులుతుంది. గుంపుతో సమంగా ఉన్నంతవరకే ఆ లాభం. మగవాళ్ళు వేగం పెంచగానే ఆడవాళ్ళు గుంపులోంచి జారిపోయి ఒంటరిగా గాలికి ఎదురు తొక్కాలి. అక్కడ ఆమెకి పతకం రాలేదు.

ఒకే మనిషి, ఒకే ఒళ్ళు, ఒకే జబ్బు. ఒక పోటీలో ప్రపంచ విజేత, ఇంకో పోటీలో పేరు కూడా వినపడదు. ఈ రెంటి మధ్యా మారింది ఆమె సంకల్పబలం కాదు, నిబంధన. నాలుగేళ్ళ తర్వాత 2016 రియోలో మూడు చక్రాల సైకిలుకి ఆడవాళ్ళ పోటీలు విడిగా పెట్టారు. కారొల్ కుక్ టైమ్ ట్రయల్ గెలిచింది, రోడ్ రేసూ గెలిచింది. అప్పుడామెకి 55 ఏళ్ళు. రెండింటిలోనూ వెండి పతకం అమెరికాకి చెందిన జిల్ వాల్ష్‌ది. ఆమె కూడా మాజీ పోలీసే. ఆమెకీ ఎం.ఎస్.! టైమ్ ట్రయల్‌లో కంచు పతకం కెనడాకి చెందిన షెలీ గోటియేది. ఆమెది టి1 తరగతి, గుణకం లేకపోతే ఆ పతకం ఆమెకి దక్కేది కాదు. ‘తగినంతమంది లేరు’ అన్నచోటే, తలుపు తీయగానే ఇంతమంది కనిపించారు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే. వికలాంగ స్త్రీ విజయాన్ని సంకల్పబల కథగా చెప్పుకున్నంత కాలం నిబంధనలు రాసేవాళ్ళకి ఏ బాధ్యతా ఉండదు. గెలిచినామె గొప్పది, గెలవనామె బద్ధకస్తురాలు. మధ్యలో వ్యవస్థ మాయమైపోతుంది. ఆస్ట్రేలియాకే చెందిన వికలాంగ రచయిత్రి, కార్యకర్త స్టెల్లా యంగ్ 2014లో చనిపోయే ముందు దీని గురించే గట్టిగా మాట్లాడింది. వికలాంగుల్ని స్ఫూర్తి పేరుతో వస్తువులుగా మార్చడం, అవయవాలు బాగున్నవాళ్ళు ‘నా బతుకు నయం’ అనుకోవడానికి వాడుకోవడం అశ్లీలమేనని ఆమె వాదన. మెట్ల ముందు నిలబడి ఎంత నవ్వినా మెట్లు ర్యాంపుగా మారవని చెప్పే ధైర్యం ఆమెది. మన దగ్గర ప్రభుత్వం ‘దివ్యాంగులు’ అన్న మాట తెచ్చింది. పేరులో దివ్యత్వం వచ్చింది. బస్సు మెట్టు ఎత్తు తగ్గలేదు.

*

కారొల్ కుక్ కథని ఇక్కడ ఆపితే నేను కూడా విజయగాథే రాసినదాన్నవుతాను. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌కి ఆమె అరవై నిండి వెళ్ళింది. ఫ్యూజీ స్పీడ్‌వేలో ఆగస్టు 31న టైమ్ ట్రయల్‌లో వెండి పతకం తెచ్చుకుంది. బంగారం గెలిచిన జర్మన్ క్రీడాకారిణి యానా మయున్కే ఆమె కంటే చాలా చిన్నది. రెండు రోజుల తర్వాత రోడ్ రేసులో వాన. తడిసిన దారి మీద కారొల్ కుక్ పడిపోయింది. పోటీ పూర్తి చేయలేదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

విజయగాథలు ఈ ముగింపుని ఇష్టపడవు. నాకు మాత్రం ఆమె జీవితంలో ఇదీ ముఖ్యమే. ఉద్యోగజీవితం అంటే నిచ్చెన ఎక్కినట్టు ఒకే దిశలో సాగాలని మనకి నేర్పారు. ఆడవాళ్ళ పని ఎప్పుడూ అలా సాగలేదు. కాన్పుకి ఆగుతుంది, పిల్లల పరీక్షలకి ఆగుతుంది, అత్తగారి మంచం పక్కన ఆగుతుంది, మళ్ళీ వేరేచోట మొదలవుతుంది. వచ్చిపోయే జబ్బున్న మనిషి పని కూడా అంతే. ఈత, పోలీసు ఉద్యోగం, మళ్ళీ ఈత, పడవ, సైకిలు అని కారొల్ కుక్ జీవితాన్ని వరసగా రాస్తే ఒకదానికొకటి అతకనట్టు కనిపిస్తుంది. ఒక దారి మూసుకున్నప్పుడల్లా తన ఒంటికి ఏం వీలవుతుందో చూసుకుని ఇంకో దారి పట్టిన మనిషిగా చదివితే మాత్రం అది చాలా క్రమంగా ఉంది. ఆమె మూడు చక్రాలు ఎక్కడంలో కూడా నాకు కనిపించేది అదే: రెండు చక్రాల మీద నిలబడలేకపోవడాన్ని దాచుకోలేదు, దానికి తగిన బండి ఎంచుకుంది. షార్కో ఇంట్లో ఆ పనిమనిషికి వణికే చేతులకి తగిన పని దొరికి ఉంటే, పింగాణీ ఖర్చు గురించి ఫ్రాయిడ్‌కి రాయాల్సిన పని ఉండేది కాదు.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. వాటిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టం 21 రకాలు చేసి, దీర్ఘకాలిక నాడీ సమస్యల కింద దీన్ని చేర్చింది. మంచిదే. కానీ రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మా పిన్ని ఆ సర్టిఫికెట్ కోసం వెళ్ళిన రోజు ఆవిడకి మంచి రోజు. ఆటో దిగి, నా భుజం పట్టుకోకుండా మెట్లెక్కింది. బల్ల అవతల కూర్చున్నాయన ఆవిణ్ణి పైకీ కిందకీ చూసి, ‘బానే నడుస్తున్నారుగా’ అన్నాడు. పిన్ని ఏమీ అనలేదు. నాకే కోపం ఆగలేదు. ఆయన కాగితాలు తిరగేసి, ఇంకో పరీక్ష రాసి, మళ్ళీ రమ్మన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కారొల్ కుక్ గురించి చెప్పాను. అరవై ఏళ్ళకి సైకిలు పందెం అంటే పిన్ని నవ్వింది. పడిపోయిందని చెబితే మటుకు నవ్వు ఆపి అడిగింది: ‘పడితే ఎవరైనా తిట్టారా?’

లేదు పిన్నీ, అన్నాను. వాన పడింది, దారి జారుగా ఉంది అని రాశారు.

‘అలా రాయాలి’ అంది.

ఆ మాట దగ్గరే నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది. పడిపోయిన స్త్రీ గురించి రాసేటప్పుడు ముందు దారి ఎలా ఉందో చూడాలి. పగిలిన పళ్ళెం గురించి రాసేటప్పుడు ఆ పళ్ళెం ఎవరు ఎందుకు మోయించారో అడగాలి. ‘ఒళ్ళు దగ్గర పెట్టుకో’ అన్న మాటని మా ఇంట్లో ఇప్పుడు పిన్ని ఒక్కతే వాడుతుంది, అదీ తన గురించి తనే. ఎండ ఎక్కువున్న రోజున వంటింట్లోకి వెళ్ళదు. అలసట రాబోతోందని ముందే తెలిసిపోతుందట. ‘ఇవాళ నా ఒళ్ళు నా దగ్గర పెట్టుకుంటున్నా, అన్నం మీరు వండుకోండి’ అంటుంది.